గడ్డం కింద మీట

బస్సు కదిలినా రాజ్యం చెవులు మాత్రం నర్సింగ్ హోంలోనే ఉండిపోయాయి. కిటికీ పక్క సీటు దొరికింది, మార్గశిరపు గాలి మొహానికి చల్లగా తగులుతోంది, వెనక ఎవరో కమలాపండు వలుస్తున్న వాసన, ముందు సీట్లో పసిబిడ్డ ఏడుపు, ఇంజను మోత. ఇవన్నీ దూరంగా ఎవరింట్లోనో జరుగుతున్నట్టున్నాయి. ఆమె వింటున్నది ఒక సైకిలు హారను కోసం. కీమని ఒకసారి మోగితే దాహం, రెండుసార్లయితే పక్కకి తిప్పమని, ఆపకుండా మోగితే గొంతులో ఏదో అడ్డుపడిందని. ఇక్కడికి అది వినిపించదని తెలుసు. అయినా బస్సు హారను కొట్టినప్పుడల్లా ఆమె అరికాళ్ళు నేలకి ఆనుకుని, లేవబోయి ఆగుతున్నాయి. ఒంటిగంటన్నరకి భర్తని ఎడమ పక్కకి తిప్పింది. వీపు వెనక రెండు తలగడలు, మోకాళ్ళ మధ్య ఒకటి, మడమల కింద నీళ్ళు నింపి ముడేసిన రబ్బరు చేతి తొడుగులు. చెంచాతో నీళ్ళు పట్టింది, పెదవి మూల తుడిచింది, ఉచ్చ గొట్టం మెలికపడలేదని చూసింది, గడ్డం కింద మీట సర్ది, నొక్కు మావా అంది. నొక్కాడు. మోగింది. మళ్ళీ నొక్కమంది. మోగింది. మూడోసారి మోగేసరికి ఆయా అచ్చియ్యమ్మ హాలు గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఒలే తల్లీ, నా సెవులు బాగానే ఉన్నాయి. రెండు గంటల మాడుగుల బస్సెల్లిపోద్ది, ఎల్లు!" చంద్రమోహన్ దిండులోంచి, దుప్పటి కింద మాట్లాడే మనిషిలా, "ఎల్లే. గుంట సూస్తుంటాది" అన్నాడు, కూతుర్ని తలుచుకుని.

ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో ఆమె అతని పక్కనుంచి లేచి వెళ్ళినవన్నీ పది నిమిషాలలోపు ప్రయాణాలే. పెరట్లో కుళాయి దగ్గరికి, ఎదురుగా మందుల షాపుకి, సందు చివర హోటలుకి. పెసరట్టు పొట్లం కట్టేలోగా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకునేది. ఇప్పుడు బస్సు చోడవరం దాటి పోతోంది. చెరుకు బళ్ళు వరసగా ఫ్యాక్టరీ వైపు వెళుతున్నాయి, బళ్ళ వెనకనుంచి పిల్లలు గెడలు లాక్కుంటున్నారు. రోడ్డు నిండా నలిగిన చెరుకాకు. గానుగ మొదలయిందన్నమాట. అతను పడినప్పుడు ఎండాకాలం. బయట రుతువులు ఆమెకి చెప్పకుండానే మారిపోయాయి. ఈ చీర కూడా అంతే, ట్రంకు పెట్టెలోంచి తీస్తే మడతల దగ్గర పసుపు చారలు దిగాయి. చేతులకి ఎంత సబ్బు రాసినా డెట్టాలు వాసన పోలేదు.

ఎండాకాలం. బుచ్చయ్యపేట దగ్గర ఒక రైతు నూతిలో మోటారు కాలిపోయిందని కబురొచ్చింది. కాలిన మోటార్లు విప్పి, లోపలి రాగితీగ కొత్తగా చుట్టి మళ్ళీ తిరిగేలా చేయడం అతని పని. చుట్టుపక్కల మోటారు చంద్రమోహన్ అంటే తెలియనివాళ్ళు లేరు. పొద్దున్న చద్దన్నం తిని, స్పానర్ల సంచి హేండిలుకి తగిలించుకుని సైకిలెక్కాడు. మోటారు పైకి లాగుతుంటే గట్టు విరిగింది. నలుగురు మనుషులూ వెనక్కి దూకారు. ఇతను తాడు వదలలేదు. ఎందుకు వదలలేదు? ఆ ప్రశ్న రాజ్యం అతన్ని ఎన్నడూ అడగలేదు, తనలో తను మాత్రం రోజుకొకసారి అడుగుతుంది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రెండు నెలలు. మెడ ఎముక. తల తిరుగుతుంది, మాట వస్తుంది, మింగగలడు. మిగిలిన శరీరం అంతా అక్కడే ఉంది కానీ అతనిది కాదు. ఇంక ఇక్కడ చేసేదేమీ లేదమ్మా అన్నారు. చోడవరంలో ఒక డాక్టరమ్మ నర్సింగ్ హోం వెనక హాల్లో నాలుగు మంచాలు వేసి, నయం కానివాళ్ళని కూడా ఉండనిస్తుందని ఎవరో చెబితే తీసుకొచ్చారు. నాలుగు మంచాల మీద నలుగురు. ప్రతి మంచం పక్కనా నేలమీద ఒక చాప, ఆ చాప మీద ఇంకొకరు. మంచం మీది వాళ్ళకి కేసుషీటు ఉంటుంది, రోజూ నాడి చూసి రాస్తారు. చాప మీది వాళ్ళకి అలాంటిదేమీ లేదు.

బస్సు ఆగింది. చెరుకు లారీ ఏదో అడ్డం తిరిగినట్టుంది. ఒక ముసలామె వంకాయల బుట్టతో ఎక్కి, రాజ్యం పక్కన సీటు చూసుకుని, బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూలబడింది.

"కూత్త జరుగమ్మా. ఏ ఊరెల్తన్నావు?"

"వడ్డాది."

"పుట్టిల్లా?"

"మా అక్కది. మా గుంట అక్కడుంటాది."

"నా పేరు గున్నమ్మ. మా అల్లుడిది మాడుగుల" అని తన సంగతి చెప్పుకుని, రాజ్యం మొహంలోకి వంగి చూసింది. "ఒంట్లో బాగులేదేటే నీకు? కళ్ళు గుంటలడిపోనాయి."

"నాకేటి, బాగానే ఉన్నాను" అంది రాజ్యం. ఏడు నెలల తర్వాత ఎవరో తన ఒంట్లో ఎలా ఉందని అడిగారు. ఆ మాట కొత్తగా, సరిపోని జాకెట్టులా అనిపించి కిటికీలోంచి బయటికి చూసింది.

కళ్ళు గుంటలు పడక ఏమవుతాయి? నిద్ర అనేది ఆమెకి ఇప్పుడు మంచినీళ్ళలా గ్లాసుతో కొంచెం కొంచెం దొరికే వస్తువు. మొదట్లో అతను పిలవాలంటే నాలికతో టక్ టక్ మని చప్పుడు చేసేవాడు. గొంతెత్తి అరవడానికి ఊపిరి చాలదు. ఆ టక్ వినడానికి ఆమె చెవులు ఎంత పదునెక్కాయంటే గోడమీద బల్లి పలికినా లేచి కూర్చునేది. బల్లి రోజుకి పదిసార్లు పలికేది. ప్రతిసారీ లేచి, ఏటి మావా అంటే, నేను పిలవనేదే, తొంగో అనేవాడు. ఒక మధ్యాహ్నం మాత్రం లేవలేదు. ఆ రోజు పొద్దున్నే దుప్పట్లన్నీ ఉతికి ఆరేసి, గోడకి ఆనుకుని కూర్చుంది అంతే. మెలకువ వచ్చేసరికి ఎండ గుమ్మం దాటిపోయింది. అతని మొహం పక్కకి వాలిపోయి ఉంది, మంచినీళ్ళు పట్టినప్పటి తడి గొంతులోకి పోయి దగ్గలేక దగ్గలేక కళ్ళు ఎర్రబడ్డాయి, కన్నీళ్ళు చెవిలోకి కారి ఎండి తెల్లటి చార కట్టాయి. అతని నాలిక ఒరుసుకుపోయి చివర కొద్దిగా రక్తం. ఎంతసేపు పిలిచాడో చెప్పలేదు. ఆమె ఏడుస్తూ తల బాదుకుంటే, "ఊరుకో. నాకో సైకిలు హారను తెప్పించు. బేటరీలది" అన్నాడు.

అతని బుర్ర లోపల ఇంకా ఆ సంచీ ఉంది కదా, స్పానర్లూ స్క్రూడ్రైవర్లూ పెట్టుకునే సంచి. అది ఎవరూ తీసేయలేదు. పక్క మంచం రహిమున్నీసా గారి భర్త వలీ గారు అనకాపల్లి వెళ్ళినప్పుడు హారను తెచ్చారు, టార్చిలైటు సెల్స్ తెచ్చారు, రెండు రంగుల వైరు తెచ్చారు. చేతులు మాత్రం రాజ్యంవి కావాలి. స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తెలియని చేతులు. "ఎర్రది. ఎర్రదాని తొక్క తియ్యి. పళ్ళతో కాదే, బ్లేడుతో. అంత కాదు, గోరంత." తీగ తెగిపోయేది. "నీకు బుర్రుందా లేదా?" పద్నాలుగేళ్ళ కాపురంలో అతను ఒక్కమాట గట్టిగా అనలేదు. ఆ రోజు ఆ సన్నటి గొంతుతోనే అన్నాడు. ఆమె స్క్రూడ్రైవరు నేలకేసి కొట్టి పెరట్లోకి పోయింది. కుళాయి దగ్గర నిలబడి, వైరు గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని, ఇంక లోపలికి వెళ్ళను అనుకుంది. పది నిమిషాలు కూడా కాలేదు, వెళ్ళింది. అతను కళ్ళు మూసుకుని, "సేతులు నావి కావు రాజ్యం, కోపం ఎవులి మీద సూపించాల?" అన్నాడు. ఆమె మళ్ళీ బ్లేడు తీసుకుంది.

మీట నొక్కడానికి అతనికి మిగిలింది గడ్డమే. కరెంటు స్విచ్చి గట్టిగా ఉంది, గడ్డం కింద చర్మం కమిలిపోయింది. అప్పుడు వలీ గారు, నలభయ్యేళ్ళు దర్జీ పని చేసిన మనిషి, ఒక సాయంత్రం కూర్చుని, రెండు రేకుముక్కల మధ్య అంచుల్లో మాత్రం దూది పెట్టి పైన మెత్తటి వెల్వెట్టు గుడ్డ కుట్టి, చొక్కా కాలరులా మెడకి పట్టీ వేసి తెచ్చారు. "ఇగో చంద్రమోహన్ బాబూ, పెళ్ళికొడుకు కాలరు" అన్నారు. రేకులు రెండూ కలిస్తే హారను మోగుతుంది. హారను పెట్టె హాలు బయట అచ్చియ్యమ్మ కూర్చునే బల్ల మీద. మొదటిసారి మోగినప్పుడు అచ్చియ్యమ్మ ఉలిక్కిపడి టీ గ్లాసు ఒలకబోసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏటిది? లోపలికి సైకిలెవుడు తెచ్చేడు?" ఆ మాటకి అతను నవ్వాడు. శబ్దం లేదు, ముక్కులోంచి గాలి, కళ్ళ చివర ముడతలు. నూతిలో పడ్డాక అదే మొదటి నవ్వు.

అక్కడితో ఆగలేదు. డాక్టరమ్మ చూసి, నాలుగు మంచాలకీ పెట్టగలవా అని అడిగింది. అడిగింది అతన్ని, మంచం మీద పడున్న మనిషిని, మేస్త్రీని అడిగినట్టు. ఆ వారం అంతా అతను అన్నం కూడా సరిగ్గా తినలేదు, పైకప్పు వైపు చూస్తూ వైర్లు ఎలా లాగాలో లెక్కలేసుకునేవాడు. ఎవరు పిలిచారో తెలియాలి కదా, అందుకని బల్ల మీద ఒక చెక్కకి నాలుగు టార్చి బల్బులు, కింద ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు. రాజ్యం స్టూలెక్కి గోడ వెంట మేకులు కొట్టింది. రహిమున్నీసా గారికి ఎడమచేతి వేళ్ళు ఆడతాయి, ఆమెకి చేతికింద మీట. తర్వాతి శుక్రవారం వలీ గారు అయిదు నెలల తర్వాత మసీదుకెళ్ళి నమాజు చేసుకుని, గడ్డం గీయించుకుని, అత్తరు వాసనతో తిరిగొచ్చారు. రహిమున్నీసా గారు ఆ వాసనకి మొహం అటు తిప్పి నవ్వారు. మూడో మంచం వాళ్ళ కోడలు ఇంటికెళ్ళి తలంటి పోసుకొచ్చింది. నాలుగో మంచం బంగార్రాజు గారి తమ్ముడు తిరిగి పనిలో చేరి, పొద్దున్నా సాయంత్రం మాత్రం వస్తున్నాడు. అచ్చియ్యమ్మ బల్బు చూసుకుని ఆ మంచానికే వెళుతుంది, మునపటిలా నలుగుర్నీ లేపి అడగక్కర్లేదు.

అందరూ బయటికి వెళ్ళారు. వైర్లు వేసిన రాజ్యం ఒక్కర్తే వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదు? బస్సు వేగం అందుకుంది. రోడ్డుకి రెండు వైపులా కోసిన వరిచేలు, కుప్పలు, అక్కడక్కడ ఇంకా నిలబడ్డ చెరుకు. ఎవరో అడుగుతున్నట్టు ఆ ప్రశ్న కిటికీ పక్కనే పరుగెత్తుతోంది. హారను మీద నమ్మకం లేక కాదు. ప్రతి ముడీ తన చేత్తో వేసిందే. మోగదని భయం కాదేమో. మోగితే, అచ్చియ్యమ్మ వెళితే, అతను నీళ్ళు తాగి మళ్ళీ నిద్రపోతే, ఇంక తను దేనికి? ఈ ఏడు నెలలూ తను లేకపోతే ఆ మనిషి లేడు అన్న ఒక్కమాట మీద నిలబడింది. ఆ మాట కాళ్ళ కిందనుంచి లాగేస్తే పడిపోతుంది.

అందుకు శిక్ష పడింది. రెండు నెలల కిందట వడ్డాది నుంచి అక్క దుర్గాదేవి ఫోను చేసింది. కాంపౌండరు గోవిందరావు కేకేస్తే ముందు గదిలోకి పరుగెత్తింది. "ఒసే రాజ్యం, మన నూకరత్నం పెద్దమనిషయ్యింది. పొద్దున్న. నువ్వొస్తే కూకోబెడతాం." అప్పటికి నాలుగు మంచాలకీ హారను పెట్టి వారం. మోగుతోంది. వలీ గారు ఒక శుక్రవారం వెళ్ళొచ్చారు కూడా. వెళ్ళొచ్చు. వడ్డాది ఎంత దూరం? గంట కూడా పట్టదు. "ఎలాగొస్తానక్కా, మీ మరిదిని ఒగ్గేసి?" అంది. అక్క ఫోను పిల్లకిచ్చింది. "రత్నా" అంది రాజ్యం. అవతలనుంచి ఊపిరి మాత్రం వినిపించింది, పన్నెండేళ్ళ పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత రిసీవరు పెట్టేసిన శబ్దం. చిమ్మిలి ముద్ద ఎవరు తినిపించారో, పీట మీద ఎవరు కూర్చోబెట్టారో, తలమీద మొదటి చెంబు నీళ్ళు ఎవరు పోశారో తను అడగలేదు. ఆ పిల్ల పెద్దాసుపత్రికి ఒకసారి వచ్చింది. తండ్రి ముక్కులో గొట్టం, తలకి రెండు వైపులా ఇనప బిగింపులు చూసి, గుమ్మంలోనే వాంతి చేసుకుంది. మళ్ళీ రానని అంది. రమ్మని ఎవరూ అనలేదు. అక్క చెప్పింది, అది నాన్న మాటెత్తితే లేచి వెళ్ళిపోతుందే అని.

రోడ్డు పక్క టీ దుకాణంలో ఎవరో ఆగిపోయిన టేపురికార్డరుని తడుతున్నాడు, పిండిమర ఆగిపోయి మనుషులు బయట నిలబడ్డారు. కరెంటు పోయింది. కరెంటు పోయింది, అక్కడ కూడా పోయి ఉంటుంది. సీటు మీదనుంచి సగం లేచింది. "ఏటమ్మా, ఇక్కడ దిగుతావా?" అంది గున్నమ్మ. లేదు, సెల్స్, టార్చిలైటు సెల్స్. కరెంటుతో పనిలేదు. మొదటి రోజే అతను అన్నాడు కదా, మన ఊరి కరెంటుని నమ్ముకుంటే నాను సచ్చిపోతానే అని. కూర్చుంది. గున్నమ్మ బుట్ట కొంచెం తన వైపు లాక్కుని ఆమె కాళ్ళకి చోటిచ్చింది.

ఆ భయం తగ్గాక ఒంట్లో ఇంకేమీ మిగల్లేదు. తల కిటికీ ఊచకి ఆనింది. ఊచ చల్లగా ఉంది. బస్సు ఊగుతోంది, ఎవరో మంచాన్ని మెల్లగా ఊపుతున్నట్టు. ఎడమ పక్కకి తిప్పాను కదా, మూడున్నరకి కుడి పక్క, అచ్చియ్యమ్మకి చెప్పాను, మోకాళ్ళ మధ్య తలగడ మరిచిపోవద్దని చెప్పాను, చెప్పానా? ఒకటో నంబరు బల్బు ఎరుపు, కాదు అన్నీ తెలుపే, రత్నం పీట మీద కూర్చుంది, మెడకి వెల్వెట్టు పట్టీ, ఎవరు కుట్టారే నీకది, నీళ్ళు పోస్తున్నారు, నీళ్ళు నూతిలోకి పోతున్నాయి, తాడు వదిలెయ్ మావా, వదిలెయ్. ఎవరిదో భుజం. వంకాయల పచ్చి వాసన. బల్లి లేదు. ఎక్కడా బల్లి లేదు. అప్పుడు చాలా పైనుంచి, నూతి గట్టు మీదనుంచి అరిచినట్టు, వడ్డాది, వడ్డాది, దిగేవాళ్ళు దిగాల అని వినిపించింది. వినిపించింది. మనుషులు దిగుతున్నారు, తలుపు చప్పుడవుతోంది, సామాన్ల కోసం ఎవరో అరుస్తున్నారు, ఇవన్నీ ఆమెకి తెలుస్తూనే ఉన్నాయి. లేవాలి. లేస్తే దిగాలి, దిగితే నడవాలి, నడిస్తే పిల్ల మొహం చూడాలి, చూసి గంటలో మళ్ళీ బస్సెక్కాలి, ఎక్కితే కుడి పక్కకి తిప్పాలి, ఎడమ పక్కకి తిప్పాలి. ఒక్క క్షణం. ఎవరికీ ఏమీ కాకుండా ఒక్క క్షణం. కళ్ళు తెరవలేదు. కండక్టరు రెండుసార్లు బస్సు పక్క రేకు మీద కొట్టాడు, బస్సు కదిలింది.

"అమ్మా, లెగమ్మా. మాడుగుల ఒచ్చీసినాది." గున్నమ్మ భుజం తడుతోంది. బస్సు ఖాళీగా ఉంది. ముందు కొండలు దగ్గరగా, నీలంగా నిలబడి ఉన్నాయి. "వడ్డాది?" అంది రాజ్యం.

"అదెప్పుడో ఎల్పోనాది. లేపుదామనే అనుకున్నాను. అలాగ తొంగుంటే సెయ్యి రానేదు నాకు." గున్నమ్మ భుజం దగ్గర రవికె మీద రాజ్యం చొంగ తడి. ముసలామె అది కొంగుతో తుడుచుకుంటూ, ఏమీ కానట్టు, బుట్ట నెత్తికెత్తుకుని దిగిపోయింది. కండక్టరు మాత్రం విసుక్కున్నాడు. "వడ్డాది టిక్కెట్టు కదా నీది? రెండుసార్లు అరిసేను."

బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. గోడ మీద గడియారం మూడూ నలభై. కుడి పక్కకి తిప్పే వేళ దాటి పది నిమిషాలు. నంబరు నొక్కింది. వేలు జారి మళ్ళీ నొక్కింది. గోవిందరావు ఎత్తాడు.

"బాబూ, నేను రాజ్యాన్ని. ఆయన ఎలాగున్నారు?"

"బాగానే ఉన్నాడమ్మా."

"కరెంటుందా? హారను మోగిందా?"

"కరెంటు పోయి ఒచ్చింది. హారను నాలుగుసార్లు మోగింది. అచ్చియ్యమ్మే ఎల్లింది. ఇప్పుడే తిప్పేం, నేనూ ఓ సెయ్యేసేను." తర్వాత అతను ఆగి, "ఉండమ్మా, డాక్టరమ్మ గారి తీగలేని ఫోను కనెక్షనిచ్చేరు నిన్న. హాల్లోకి కూడా అందుతాది. మాటాడిస్తాను" అన్నాడు.

నాలుగుసార్లు. మోగితే అచ్చియ్యమ్మ వెళ్ళింది. అతను ఉన్నాడు. తను అక్కడ లేదు, అతను ఉన్నాడు. ఆ సంగతి రాజ్యం ఛాతీలో ఎక్కడో ఒక బరువు దించింది, దించిన చోట నొప్పి కూడా పెట్టింది. ఫోనులో అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, వలీ గారి దగ్గు, అచ్చియ్యమ్మ గొంతు. "ఇదిగో బాబూ, సెవికాడ పట్టుకున్నాను, మాటాడు." ఆ తర్వాత ఊపిరి.

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె అతనితో ఎప్పుడూ ఫోన్లో మాట్లాడలేదు. అవసరం రాలేదు. మనిషి కనపడకుండా గొంతు ఒక్కటే చెవిలోకి వచ్చేసరికి, ఆ గొంతు పక్కన మంచం లేదు, గొట్టం లేదు, తలగడలు లేవు. సన్నగా ఉంది కానీ అతనిదే.

"రాజ్యం. గుంటెలాగుంది?"

"నేనింకా సూడలేదు మావా."

"ఎక్కడున్నావు?"

"మాడుగుల."

"మాడుగులేటి?"

"బస్సులో తొంగున్నాను." అక్కడ ఆపేయొచ్చు. అతను నమ్ముతాడు. అద్దంలోంచి బయట చూస్తే, బస్సు ఖాళీ సీట్లతో వెనక్కి తిరుగుతోంది. "తొంగోడం కాదు మావా. వడ్డాది అని కండక్టరు పిలిసేడు. నాకినబడింది. ఇనబడే లేవలేదు."

ఫోను పోయిందేమో అనుకుంది. తర్వాత ముక్కులోంచి గాలి వదిలిన చప్పుడు, అది నవ్వో ఏడుపో ఫోన్లో తెలియలేదు.

"నాను కూడా అంతే" అన్నాడు. మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. "నూతికాడ అందరూ తాడు ఒగ్గీ ఒగ్గీ అని అరిసేరు. ఇనబడింది. ఆ మోటారు నాది కాదు. అయినా ఒగ్గలేదు. నువ్వు ఒగ్గేవు. మంచి పని సేసేవు."

రాజ్యం రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. బూతు యజమాని అటు తిరిగి ఏవో కాగితాలు సర్దుకున్నాడు.

"సాయంత్రం బస్సుకి ఒచ్చేస్తాను" అంది.

"వద్దు. రేపు రా."

"రేపా? అచ్చియ్యమ్మ ఒక్కర్తీ..."

"ఒలే రాజ్యం!" అచ్చియ్యమ్మ గొంతు ఫోను పక్కనుంచి దూసుకొచ్చింది. "నాకు సేతులు నేవా? గోవిందరావు బాబున్నాడు, వలీ గారున్నారు. నువ్వు రేపొచ్చేదాకా ఈ మనిసి సచ్చిపోడు, నేను సావనివ్వను. ఎల్లి తొంగో!"

తిరుగు బస్సులో ఆమె కూర్చోలేదు. సీట్లున్నా, నిద్ర పడుతుందని, కడ్డీ పట్టుకుని నిలబడింది. కాళ్ళు పీకుతున్నాయి. వడ్డాదిలో దిగి, సంత వీధి దాటి, అక్క ఇంటి సందులోకి తిరిగేసరికి ఎండ పసుపురంగులోకి మారింది. అరుగు మీద కూర్చుని ఎవరో పిల్ల చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. లంగావోణీ. జడ ముందుకి వేసుకుంది. ఎవరీ పిల్ల అనుకుని రెండడుగులు వేశాక గాని అది తన కూతురని తెలియలేదు.

నూకరత్నం తలెత్తింది. లేవలేదు. చేట ఒళ్ళోనే ఉంది.

"మూడు గంటలకొస్తావని సెప్పేవట" అంది. "పెద్దమ్మ వంట సేసి సూసి సూసి ఇప్పుడే తొంగుంది. ఎంతసేపుంటావు?"

"రేపటిదాకా."

పిల్ల నమ్మనట్టు చూసింది. "మరి నాన్నకి?"

"అచ్చియ్యమ్మ సూస్తాది." ఆ మాట ఆమె నోటికే కొత్తగా ఉంది. "నాన్నే ఉండమన్నాడు. ఫోన్లో."

"ఫోన్లోనా?" చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నాన్న ఫోన్లో మాటాడతాడా?"

"మాటాడతాడు. కూత్త సన్నగా."

"మామూలుగానా? నాన్న గొంతులాగేనా?"

"నాన్న గొంతే."

రత్నం చిక్కుడుకాయ ఈనె తీసింది, గింజ జారి అరుగు కిందికి దొర్లిపోయింది, దాన్ని చూస్తూ కూర్చుంది. నువ్వెందుకు రాలేదు అని అడుగుతుందని రాజ్యం ఎదురుచూసింది. అడిగితే చెప్పడానికి దారి పొడుగునా ఏవో మాటలు కూడగట్టుకుంది, ఇప్పుడు అందులో ఒక్కటీ గుర్తులేదు. ఒళ్ళంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది. స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది.

"ఫోనైతే," అంది పిల్ల నేల చూస్తూనే, "సూడక్కర్నేదు కదా. మాటాడ్డమే కదా."

"మాటాడ్డమే."

రత్నం చేట పక్కన పెట్టి లేచింది. ఓణీ భుజం మీద సర్దుకుంది, అలవాటు లేని చేత్తో, రెండుసార్లు. చేతులు లంగాకి తుడుచుకుని అరుగు దిగింది. "జంక్షన్లో కిళ్ళీకొట్టు పక్కన బూతుంది. నంబరు సెప్పు" అంది.

రాజ్యం ఇంకా చెప్పులు కూడా విడవలేదు. అంకెలు ఒక్కొక్కటే చెబుతూ, అలాగే వెనక్కి తిరిగి, కూతురి వెంట వీధిలోకి నడిచింది.